కన్ను పెట్టిన పేజీ

పఠన మందిరం, కిటికీ పక్క బల్ల
మార్చి 4

పిచ్చుకా,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. మూడు రోజులు ఊరుకున్నాను కూడా. నాలుగో రోజు పొద్దున గడ్డం గీసుకుంటుంటే అద్దంలో మొహం నావంక చూసి, "ఏమయ్యా, నోరు పడిపోయిందా?" అని అడిగినట్టుంది. సగం గడ్డానికి సబ్బు నురగ ఉండగానే వచ్చి కాగితం తీశాను.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. నలభై ఏళ్ళు అచ్చుయంత్రం పక్కన నిలబడ్డ చెవులివి. ఫోనులో నువ్వు మాట్లాడితే రేకు మీద వాన పడుతున్నట్టుంటుంది కానీ ఒక్క మాటా తెలియదు. అందుకని ఉత్తరమే.

సంగతి చెబుతాను. మా పఠన మందిరం నీకు తెలుసు, చిన్నప్పుడు నిన్ను రెండుసార్లు తీసుకొచ్చాను. ఎనిమిది బల్లలు, నాలుగు ఫ్యాన్లు, అందులో ఒకటి తిరిగినప్పుడల్లా దగ్గుతుంది. పుస్తకాలు పై అంతస్తులో తాళం వేసి ఉంటాయి. ఏది కావాలో చీటీ మీద రాసిస్తే లైబ్రేరియన్ గారు మెట్లెక్కి తెచ్చిచ్చేవారు. కొత్త సంవత్సరం నుంచి చీటీలు తీసేశారు. లోపల అందరూ వాడుకునే కంప్యూటర్ ఒకటి ముందే ఉంది, ఇప్పుడు గుమ్మం పక్కన ఇంకోటి పెట్టారు. అందులో ఒకటే పేజీ. పుస్తకం పేరు, రచయిత పేరు, పుస్తకం ఉండే అర నంబరు, మన సభ్యత్వం నంబరు కొట్టి "పంపు" అనే బటన్ నొక్కాలి.

సరే, కాలం మారింది, కొడదాం అనుకున్నాం. మన టైలరమ్మ ఉంది చూడు, నీ చిన్నప్పుడు గౌనుకి జేబు పెట్టమంటే మూడు పెట్టిన ఆవిడ. ఆవిడకి ఆకాశంలో చుక్కల గురించిన పుస్తకం కావాలి. కత్తెర పట్టీ పట్టీ ఆ చూపుడువేలు వంకరపోయింది. ఒక్కో అక్షరం వెతికి, పొడిచి, మళ్ళీ కళ్ళజోడు సర్దుకుని, ఇంకోటి పొడుస్తుంది. రచయిత పేరు సగంలో ఉండగా పేజీ తెల్లబడింది. మొత్తం పోయింది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ పోయింది. రిటైరైన కండక్టరు తన గడియారం తీసి చూశాడు. టిక్కెట్లు కొట్టిన మనిషి కదా, క్షణాల లెక్క ఆయనకి అలవాటే. మొదటి అక్షరం నొక్కిన దగ్గర్నుంచి సరిగ్గా తొంభై సెకన్లు.

తొంభై సెకన్లే పిచ్చుకా! ఆ లోపల గుడ్డు కూడా ఉడకదు!

ఇక్కడితో అయిపోతే నేను సణుక్కుని ఊరుకునేవాణ్ణి. జూన్‌లో గ్రంథాలయ సంఘం కూర్చుంటుంది. ఆ పేజీ నుంచి వచ్చిన కోరికలెన్నో లెక్క చూస్తారు. రోజుకి మూడు, నాలుగు. "ఇంతమందికి ఇంత హాలెందుకు, పాత రికార్డులు పెట్టుకుందాం" అని అప్పుడే కొలతలు కూడా తీసుకెళ్ళారు. వచ్చేవాళ్ళం ముప్పైమందిమి ఉన్నాం! మేం రావటం లేదని ఆ పేజీ చెబుతోంది!

నువ్వు కంప్యూటర్లలోనే కదా పనిచేసేది. ఇలాంటి బుద్ధి ఎవరికి పుట్టిందో కనుక్కో. ఏమీ చెయ్యను, ఊరికే ఒకసారి మొహం చూసిపోతాను.

అన్నట్టు, పోయిన సెలవుల్లో నువ్వు మా ఇంట్లో మర్చిపోయిన పైథాన్ పుస్తకం, అదే కంప్యూటర్‌కి పని చెప్పే భాషది, రెండుసార్లు చదివాను. కంప్యూటర్ లేదు కాబట్టి లెక్కలన్నీ పెన్సిలుతో కాగితం మీదే చేశాను. వెనక ఇచ్చిన జవాబులతో సరిపోయాయి, ఒక్కటి తప్ప. అది పుస్తకం తప్పే.

మామయ్య


ఆఫీసు, మూడో అంతస్తు, భోజనాల గది
మార్చి 11

మామయ్యా,

నువ్వు పైథాన్ పెన్సిలుతో చేశావంటే మా వాళ్ళెవరూ నమ్మలేదు. నాకు మాత్రం ఆశ్చర్యం వెయ్యలేదు. రైలు టైంటేబులు మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చదివి, ఒక స్టేషన్లో బండి పోయే టైము వచ్చే టైముకంటే ముందుందని వాళ్ళకి ఉత్తరం రాసినవాడివి నువ్వు.

ఆ పేజీ ఎవరు చేశారో కనుక్కోవడం కష్టం. పెద్ద ఆఫీసుల్లో ఒక్కో పేజీని పదిమంది ముట్టుకుంటారు. దాని గురించి అంత కోపం తెచ్చుకోకు, బీపీ ఉంది నీకు.

దానికంటే పనికొచ్చే మాట చెబుతాను. నువ్వే ఒక పేజీ చెయ్యి. పఠన మందిరంలో అందరూ వాడుకునే రెండో కంప్యూటర్ ఉందన్నావుగా. అందులో మనం ఏదీ కొత్తగా ఎక్కించలేం, తాళాలు వేసి ఉంటారు. అక్కర్లేదు. పేజీలు చూపించే బ్రౌజర్ ఉంటే చాలు, ఇప్పుడు పైథాన్ ఆ పేజీలోకే దిగొస్తుంది. నువ్వు రాసింది ఆ పేజీలోనే నడుస్తుంది, వేరే ఎక్కడికీ పోదు.

పేజీలో కనిపించే ప్రతి ముక్కకీ, అంటే రాసుకునే పెట్టెకీ, బటన్‌కీ, ఖాళీ జాగాకీ, ఒక ఐడీ ఇచ్చుకోవచ్చు. నీ అచ్చక్షరాల కేసులో ఏ గడిలో ఏ అక్షరమో ఉన్నట్టు. పైథాన్‌లోంచి ఆ ఐడీతో పిలిస్తే ఆ ముక్క నీ చేతికొస్తుంది. అందులో ఏం రాశారో చదవచ్చు, మార్చొచ్చు, దాచొచ్చు. పెన్‌డ్రైవ్‌లో ఒక ఖాళీ పేజీ పంపుతున్నాను. తెరవగానే ఏమీ కనబడలేదని తిట్టకు, పైథాన్ రావడానికి అర నిమిషం పడుతుంది.

ఇంకో కిటుకు. ఏ పేజీ మీదైనా మౌస్ కుడి బటన్ నొక్కితే "సోర్స్ చూడు" అని వస్తుంది. లోపల ఎలా కట్టారో అంతా కనిపిస్తుంది. అచ్చయిన కాగితం తిప్పి, వెనక నొక్కుళ్ళు చూసి ఏ ప్రెస్సో చెప్పేవాడివి కదా, అలాంటిదే.

పిచ్చుక


పఠన మందిరం, కిటికీ పక్క బల్ల
మార్చి 29

పిచ్చుకా,

పెన్‌డ్రైవ్ అందింది. పేజీ తెరిచాను. అర నిమిషమన్నావు, ఇక్కడ రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాల్లో కండక్టరు, "ఏమండీ, మీ బండి డిపోలోనే ఉన్నట్టుందే?" అన్నాడు. తర్వాత నా పేరు పేజీ మీద పడింది. పైథాన్‌తో నేనే పెట్టాను. ఎన్నో వేల మంది పేర్లు కూర్చిన వేళ్ళివి, నా పేరు మాత్రం మొదటిసారి కూర్చుకున్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. అది నిజం.

ఆ తర్వాత మాట్లాడాను. చాలా మాట్లాడాను. లైబ్రేరియన్ గారు వచ్చి వేలు పెదాలమీద పెట్టుకోవాల్సొచ్చింది.

ఎందుకంటావా? నాలుగు రాసుకునే పెట్టెలు పెట్టాను. పెద్ద అక్షరాలు. ఒక బటన్. ఐడీతో ఆ బటన్‌ని పిలిచాను, వచ్చింది. "నిన్ను నొక్కితే ఈ ఫంక్షన్, అంటే ఈ పని, చెయ్యి" అని చెప్పాను. పుస్తకంలో ఉన్నట్టే రాశాను. నొక్కితే ఉలుకూ లేదు పలుకూ లేదు! వారం రోజులు నొక్కాను! ఆఖరికి ఎఫ్ పన్నెండు అనే మీట నొక్కితే కింద ఎర్ర అక్షరాలతో ఏడుపొకటి కనిపించింది. నేనిచ్చినదాన్ని నాశనం చేసేశారట. ఎవరు? ఎప్పుడు? నా వస్తువు ముట్టుకోమని వాళ్ళకెవరు చెప్పారు?

ఇంకో అన్యాయం విను. నా పేజీ సరిగ్గా ఉంటే, అందులో టైలరమ్మ నిదానంగా కొట్టుకుంటుంది. కొట్టడం అయ్యాక నా పైథాన్ వెళ్ళి ఆ గుమ్మం దగ్గరి పేజీలో పెట్టెలు నింపి, టక్కున బటన్ నొక్కి వస్తుంది. లెక్కలోకి ఎక్కుతాం. ఇంతకంటే న్యాయం ఏముంది? ఆ పేజీ చిరునామా రెండో కంప్యూటర్లో కొడితే తెరుచుకుంటుంది కూడా, పంపడం ఒక్కటీ గుమ్మం దగ్గర కంప్యూటర్ నుంచే కుదురుతుందట. సరే, కనీసం పెట్టెలైనా నింపుదామంటే నా పైథాన్‌కి పక్క పేజీ కనబడటమే లేదు! గోడకి కొట్టుకున్నట్టుంది. ఎవరు కట్టారు ఈ గోడ?

కోడ్ మొత్తం కాగితం మీద రాసి పంపుతున్నాను. చివరిదాకా చదివి కన్ను పెట్టాకే పంపుతున్నాను.

కన్ను గుర్తుందా? ఒకసారి నాటకాల కంపెనీ పోస్టరు వేశాం. అంతకుముందు ఏడాది అక్షరాలు కూర్చి కట్టిన ఫారం విప్పకుండా ఉంటే, నాటకం పేరు ఒక్కటీ మార్చి యంత్రం ఎక్కించేశారు. తేదీ పాతదే. నాటకం రోజున ఒక్క ప్రేక్షకుడూ రాలేదు. పదకొండుమంది నటులు వేషాలతోనే మన ప్రెస్సుకొచ్చి వరసగా బెంచీ మీద కూర్చున్నారు. రాజుగారికి ఒకవైపే గడ్డం ఉంది. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ మర్నాటి నుంచి ఏ ప్రూఫైనా మొదటి అక్షరం నుంచి ఆఖరి చుక్కదాకా నా కళ్ళతో చదివాకే, చివర సున్నా చుట్టి మధ్యలో చుక్క పెట్టేవాణ్ణి. ఎనిమిదేళ్ళ దానివి, కింద రాలిన టైపులు గింజల్లా ఏరుతూ, "నేనూ పెడతా" అనేదానివి. చదవకుండా పెడితే చెయ్యి మీద ఒకటి వేసేవాణ్ణి. ఆ గుర్తు ఇంకే ప్రెస్సులోనూ లేదు.

తొందరగా జవాబు రాయి. జూన్ వచ్చేస్తోంది.

మామయ్య


ఆఫీసు, మూడో అంతస్తు, భోజనాల గది
ఏప్రిల్ 6

మామయ్యా,

నీ కోడ్ మా బల్ల మీద అందరూ చూశారు. ఇంత అందమైన చేతిరాతలో పైథాన్ ఇంతవరకూ ఎవరూ చూడలేదట.

తప్పు ఒక్కటే, అది అందరూ చేసేదే. బ్రౌజర్‌ది వేరే భాష. నీ ఫంక్షన్‌ని దాని చేతికిస్తే ఒకసారి అందుకుని, ఆ మాట అయిపోగానే పని తీరిందనుకుని విప్పేస్తుంది. అచ్చు వేశాక అక్షరాలు విప్పి గడుల్లో వేసేసేవాళ్ళం కదా, అలా. నువ్వు బటన్ నొక్కేసరికి అక్కడేమీ లేదు. "ఇది మళ్ళీ మళ్ళీ వాడతాను, కట్టు విప్పకు" అని ముందే చెప్పాలి. ఆ మాటకి క్రియేట్ ప్రాక్సీ అని పేరు. ఎక్కడ పెట్టాలో ఎర్ర సిరాతో రాశాను. ఆ కట్టిన ఫారంలో పాత తేదీ ఉందేమో మాత్రం చూసుకో.

గోడ సంగతి. అది ఉండాల్సిందే మామయ్యా. లేకపోతే ఏ పేజీ అయినా నీ పక్క పేజీలోకి తొంగిచూసి నువ్వేం రాస్తున్నావో చదివేస్తుంది. నువ్వు దొంగవి కాదు, కానీ నువ్వెవరో గోడకి తెలియదు. అందుకని దానిలోకి పోయే ఆలోచన వదిలెయ్యి. నీ పేజీ నుంచే చీటీ అచ్చు తీసుకోవచ్చు. అక్కడ ప్రింటర్ ఉందిగా?

తొంభై సెకన్లకి కూడా ఏదో కారణం ఉండి ఉంటుంది. ఎవరో సగం కొట్టి లేచిపోతే, తర్వాత వచ్చినవాళ్ళకి ముందువాళ్ళు ఏం చదువుతున్నారో తెలిసిపోతుంది. అలా తెలియకూడదని పెట్టి ఉంటారు. చెడ్డ ఉద్దేశం కాకపోవచ్చు. ఊరికే అంటున్నాను.

ఈ మధ్య పని ఎక్కువగా ఉంది. ఉత్తరం ఆలస్యమైతే అనుకోకు.

పిచ్చుక


పఠన మందిరం, కిటికీ పక్క బల్ల
ఏప్రిల్ 27

పిచ్చుకా,

బటన్ పలికింది. నొక్కినప్పుడల్లా పలుకుతోంది. కట్టు విప్పొద్దని ఆ ఒక్క మాట చెప్పకపోతే వారం రోజుల పని మట్టిలో కలిపింది చూడు, ఎంత పొగరు! కానీ నువ్వు చెప్పింది ప్రెస్సు భాషలో కాబట్టి వెంటనే బుర్రకెక్కింది.

ఇంకో శుభవార్త. కొత్త నియమం తెప్పించి చదివాను. "చేతిరాత చీటీలు చెల్లవు, కంప్యూటర్ చీటీలే చెల్లుతాయి" అని ఉంది. ఏ పేజీ నుంచి అని లేదు! లైబ్రేరియన్ గారు నా పేజీలోంచి వచ్చిన చీటీని వెలుగుకి ఎత్తి చూసి, "ఇది కంప్యూటర్ చీటీయే" అని మెట్లెక్కారు. కండక్టరు ఈల వేశాడు. వంతెనల పుస్తకం వచ్చింది. ఆయన బస్సు నడిచిన వంతెన అందులో ఉందట, బొమ్మ అందరికీ చూపించాడు.

ఇదంతా మంగళవారం. ఇప్పుడు బుధవారం సంగతి. దీన్ని రాయడానికి చెయ్యి రావటం లేదు, అయినా రాస్తాను.

పొద్దున కూర్చుని పేజీని ఇంకొంచెం మర్యాదగా చేద్దామనుకున్నాను. బటన్ నొక్కగానే పెద్ద అక్షరాలతో "మీ చీటీ సిద్ధం, ధన్యవాదాలు" అని రావాలి. ఒక ముక్క ఐడీ పట్టుకుని దాని లోపలి మాట మార్చమన్నాను. నేను పట్టుకున్నది చిన్న ముక్క కాదు, నాలుగు పెట్టెలూ కూర్చున్న పెద్ద ముక్క. లోపల మాట మార్చమంటే లోపల ఉన్నవన్నీ ఊడ్చేసి ఆ మాట ఒక్కటే పెడుతుందని నాకు తెలియదు. ఊడ్చాక నా ఫంక్షన్ వెళ్ళి పెట్టెల్లో ఏముందో చదువుదామని చూసింది. పెట్టెలే లేవు.

టైలరమ్మ పదకొండు నిమిషాలు కొట్టింది. మొత్తం పేరు, రచయిత పేరు, అర నంబరు, అన్నీ. ఒక్క తప్పు లేదు, పక్కన నిలబడి చూశాను. బటన్ నొక్కింది. అంతా మాయమై, తెల్ల పేజీ మీద "ధన్యవాదాలు" అని ఒక్కటే నిలబడింది.

ఆవిడ తిట్టలేదు. "పోనీలెండి అన్నయ్యా, మీరు కావాలని చేశారా ఏంటి?" అని సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. బెంచీ మీద కూర్చున్న ఆ నటులే గుర్తొచ్చారు.

నేను కన్ను పెట్టకుండానే ఆవిణ్ణి కూర్చోబెట్టాను. మర్యాద ఎక్కువైంది, చూపు తక్కువైంది. అదే రోజు బాగుచేశాను. ఆవిడ ఇంకా రాలేదు.

మామయ్య


పఠన మందిరం
మే 12

గౌరవనీయులైన కంప్యూటర్ ఇంజనీరు గారికి,

మీరు నేర్పిన కుడి బటన్ కిటుకు ఇన్నాళ్ళకి వాడాను. గుమ్మం దగ్గర కంప్యూటర్లో ఉన్న ఆ పేజీని రెండో కంప్యూటర్లో తెరిచి, సోర్స్ చూశాను. తొంభై అనే అంకె కనిపించింది. గడువు దాటగానే నాలుగు పెట్టెలూ ఖాళీ చేసే వరస కనిపించింది. చాలా శుభ్రంగా రాశారు. ఒక్క గీత వంకర లేదు.

చిట్టచివర, ఎవరూ చూడని చోట, సున్నా చుట్టి మధ్యలో చుక్క ఉంది.

ఆ గుర్తు ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకడు ఇక్కడ కూర్చుని ఉత్తరం రాస్తున్నాడు.

"ఎవరు చేశారో కనుక్కోవడం కష్టం" అని రాశారు. కష్టం కాలేదు.

తొంభై అంకె ఒక్కటే తప్పయితే ఇంత మండేది కాదు. అంకె ఎవరైనా తప్పు వేస్తారు. కానీ ఆ గుర్తు ఎలా పెట్టారు? ఎవరి కళ్ళతో చదివి పెట్టారు? టైలరమ్మ వేలితో ఒక్కసారైనా కొట్టి చూశారా? చదవకుండా కన్ను పెడితే ఎనిమిదేళ్ళప్పుడు చెయ్యి మీద ఒకటి పడేది. ఇప్పుడు చెయ్యి అందదు.

సంఘం జూన్ ఇరవైన కూర్చుంటుంది. మీ సహాయం ఇక అవసరం లేదు. పెన్‌డ్రైవ్ తిరిగి పంపుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు


ఇల్లు, వంటగది బల్ల
మే 17

మామయ్యా,

నువ్వు నన్ను "గారు" అనడం ఇదే మొదటిసారి. దానికంటే చెయ్యి మీద వెయ్యడమే నయం.

అవును, నేనే. నీ మొదటి ఉత్తరం చదువుతున్నప్పుడే తెలిసింది. మూడో పేరాకి వచ్చేసరికి తింటున్న ముద్ద పళ్ళెంలో వదిలేశాను. అయినా "కష్టం" అని రాశాను. బీపీ అని రాశాను. నాకు సిగ్గేసిందని రాయలేకపోయాను.

తొంభై ఎలా వచ్చిందో చెబుతాను. ఎవరూ చెప్పలేదు, ఏ పై అధికారీ తగ్గించలేదు. అలా అయ్యుంటే వాళ్ళమీద తోసేసేదాన్ని. నేనే నా బల్ల దగ్గర కూర్చుని, ఒక పుస్తకం పేరూ అవన్నీ కొట్టి చూసుకున్నాను. ఇరవై రెండు సెకన్లు పట్టింది. పెద్దవాళ్ళుంటారు కదా అని నాలుగుతో హెచ్చించి, ఇంకో రెండు కలిపాను. తొంభై. నాలుగు రెట్లు ఇచ్చానని మురిసిపోయాను మామయ్యా. ఆ మురిపెంలోనే కన్ను పెట్టాను. పెట్టేముందు ప్రతి గీతా చదివాను, అది మాత్రం అబద్ధం కాదు. కానీ నా రాతని నా కళ్ళతోనే చదివాను. కొట్టే మనిషిని చూడలేదు.

నువ్వు బుధవారం సంగతి రాసినప్పుడు, ఎవరూ అడక్కుండానే నీ తప్పు నువ్వు రాశావు. ఆ ఉత్తరం రోజూ బ్యాగులో పెట్టుకుని తిరిగాను. జవాబు మూడుసార్లు మొదలుపెట్టాను.

ఇంకోటి దాచాను. ఇదే పెద్దది. ఆ పేజీ రెండు లెక్కలు రాస్తుంది. పంపినవి ఎన్ని, గడువు దాటి చెరిపేసినవి ఎన్ని. రెండోది పేజీ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి నేనే పెట్టాను. సంఘానికి వెళ్ళే కాగితంలో మొదటిదే ఉంటుంది, రెండోది ఎవరూ అడగలేదు. మార్చిలో నీ ఉత్తరం వచ్చిన మర్నాడే తెరిచి చూశాను. పంపినవి రెండొందల పద్నాలుగు. చెరిపేసినవి పంతొమ్మిది వందల ఆరు.

చూసి మూసేశాను. రెండు నెలలు.

ఇవాళ ఆ రెండు లెక్కలూ, మార్చివీ ఇప్పటివీ, తేదీలతో సహా అచ్చు తీసి, తొంభై ఎలా వచ్చిందో రాసి, సంతకం పెట్టి సంఘానికి పంపాను. నకలు ఇందులో ఉంది. మా పై అధికారికి ముందే చెప్పాను. "నిన్నెవరు పంపమన్నారు?" అన్నాడు. "ఎవరూ అనలేదు, అందుకే పంపుతున్నాను" అన్నాను. ఉద్యోగం ఉంది. బల్ల మారింది. కొత్త బల్లకి కిటికీ లేదు.

ఆ కాగితం చివర కన్ను పెట్టలేదు. పెట్టే హక్కు ఉందో లేదో తెలియదు.

పిచ్చుక


పఠన మందిరం, కిటికీ పక్క బల్ల
జూలై 9

పిచ్చుకా,

నీ కాగితం సంఘంలో చదివారు. చదివిన గుమాస్తాకి జలుబు. పంతొమ్మిది వందల ఆరు దగ్గర తుమ్మాడు, మళ్ళీ మొదటి నుంచి చదవాల్సొచ్చింది. రెండుసార్లు వినబడింది కాబట్టి నష్టం లేదు.

అధ్యక్షుడు ముందు నమ్మలేదు. "ఈ అంకెలు పంపిందెవరు?" అన్నాడు.

"ఆ పేజీ చేసినమ్మాయే" అన్నారు లైబ్రేరియన్ గారు.

"ఆ అమ్మాయికి ఇక్కడెవరైనా తెలుసా?"

నేను లేచి, "నా మేనకోడలండీ" అన్నాను. దాచడం మన ఇంట్లో ఈ ఏడాదికి చాలనిపించింది.

"అయితే ఇది చుట్టరికం సాక్ష్యమన్నమాట!" అని ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

కండక్టరు ఊరుకుంటాడా? "అయ్యా, చుట్టరికం చూసుకునే పిల్లయితే సొంత మామకి తొంభై సెకన్లు పెడుతుందాండీ?" అన్నాడు. హాలంతా నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వాక నీ మీది కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గిందని రాయను, రెండు నెలలు మూసిపెట్టావు.

తర్వాత లైబ్రేరియన్ గారు, "మీరే ఒకసారి కూర్చుని కొట్టండి సార్" అన్నారు. అధ్యక్షుడు కోటు గుండీ విప్పుకుని కూర్చున్నాడు. కండక్టరు గడియారం తీశాడు. రచయిత పేరులో మూడో అక్షరం దగ్గర పేజీ తెల్లబడింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. తప్పు అద్దాలదే అనుకున్నట్టున్నాడు. పేజీ తెల్లగానే ఉంది. అప్పుడు నా పేజీ నుంచి వచ్చిన చీటీల కట్ట ముందు పెట్టాను, నూట అరవై మూడు. ఆయన వాటిని చూడనే లేదు. ఇంకా ఆ తెల్ల పేజీనే చూస్తున్నాడు.

హాలు ఆర్నెల్లు ఉంటుంది. ఆ తర్వాత మళ్ళీ లెక్క చూస్తారు. రికార్డుల కోసం కొలతలు తీసుకున్నవాళ్ళు ఇంకో చోటు చూసుకుంటున్నారు. పేజీలో గడువు తీసేసి, లేచిపోయేవాళ్ళు తామే నొక్కేలా "చెరుపు" అని ఒక బటన్ పెట్టమన్నారు. ఆర్నెల్లు ఎందుకు, శాశ్వతంగా ఎందుకు కాదు అని నేను అడిగాను. అధ్యక్షుడు కోటు గుండీ పెట్టుకుని లేచాడు. డిసెంబరులో మళ్ళీ అడుగుతాను.

కొత్త పేజీ నిన్న వచ్చింది. పాతదాన్ని ముట్టుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాక నీకే ఇచ్చారని లైబ్రేరియన్ గారు చెప్పారు. వెంటనే కుడి బటన్ నొక్కాను. చివర కన్ను లేదు. ఆ చోట "మామయ్య చూశాక" అని ఒక్క ముక్క ఉంది.

సోర్స్ అంతా అచ్చు తీశాను, నాలుగు కాగితాలు. రెండుసార్లు చదివాను. మూడో కాగితంలో ఒక ముక్కకి ఐడీ ఇచ్చి ఎక్కడా వాడలేదు నువ్వు, దాని కింద గీత గీశాను. నా పేజీలో నేను ఊడ్చేసిన చోట నువ్వు ధన్యవాదాలకి వేరే చిన్న ముక్క పెట్టావు. అది గమనించాను.

చదివినా కన్ను పెట్టలేదు. టైలరమ్మ ఇంటికెళ్ళాను. ఏప్రిల్ నుంచి ఆవిడ ఇటు రాలేదు. గుమ్మంలో నిలబడి, "ఒక్కసారి వస్తావా అమ్మా, ఈసారి మాయం కాదు" అన్నాను. "మీరు చేసిందా, మీ పిల్ల చేసిందా?" అంది. "పిల్లే" అన్నాను. "అయితే వస్తాను" అంది.

ఆవిడ ఇవాళ పొద్దున వచ్చింది. నేను వెనకాల నిలబడలేదు. ఈ బల్ల దగ్గర కూర్చుని ఇక్కణ్ణించే చూశాను. పదకొండు నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకసారి కళ్ళజోడు తుడుచుకుంది. బటన్ నొక్కింది. లైబ్రేరియన్ గారు మెట్లెక్కి చుక్కల పుస్తకం తెచ్చిచ్చారు.

ఆ నాలుగు కాగితాలూ ఇందులో పెడుతున్నాను. కన్ను నాలుగోదాని చివర ఉంది, పెన్సిలుతో పెట్టాను.

చుక్కల పుస్తకంలో ముప్పై ఒకటో పేజీ చిరిగి ఉంది. కండక్టరు జిగురు తెచ్చి అతికించాడు.

మామయ్య